చూపుకు మర్యాద: ఖరగ్‌పూర్ వసారా నుంచి అద్దాల బాల్కనీ దాకా

మనిషి తన ఇంటికి కిటికీ ఎందుకు పెట్టుకుంటాడన్న ప్రశ్నకు తెలుగులో స్థిరపడిన రెండు సంస్కృత పదాలు రెండు వేర్వేరు సమాధానాలు చెబుతాయి. ఒకటి గవాక్షం. ఆవు కన్నును పోలిన రంధ్రమని దాని వ్యుత్పత్తి. రెండవది వాతాయనం, అంటే గాలి నడిచే దారి. మొదటి మాట చూపును గురించి, రెండవది ఊపిరిని గురించి చెబుతుంది. ఇంగ్లీషువారి ‘విండో’ అన్న పదం కూడా ‘గాలి కన్ను’ అనే అర్థమున్న పాత నార్సు మాట నుంచే పుట్టింది. కన్నూ గాలీ ఒకే రంధ్రంలో కలిసి ఉండాలన్న భావన ఒక్క దేశానికి పరిమితమైనది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

నేలనుంచి పైకప్పుదాకా పరచుకున్న అద్దపు గోడలు, అద్దాలతో మూసివేసిన బాల్కనీలు ఈ రెంటినీ విడదీశాయి. కన్ను మిగిలింది, గాలి తొలగింది. ఇది వాస్తుశిల్పుల అభిరుచికి మాత్రమే సంబంధించిన మార్పు అని అనుకోవడం పొరపాటు. ఎవరు ఎవరిని చూడవచ్చు, చూసేవాడు చూడబడేవాడికి ఏమి బాకీపడి ఉంటాడు, ఒక ఇంటి సౌఖ్యానికి పొరుగిల్లు ఎంత మూల్యం చెల్లించాలి అన్న నైతిక ప్రశ్నలు ఇందులో ఇమిడి ఉన్నాయి. ఈ ప్రశ్నలను పరిశీలించడానికి పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్, అక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి గృహజీవనం తగిన క్షేత్రమవుతాయి.

వసారా చరిత్ర

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ శతాబ్ది ముగిసేనాటికి ఖరగ్‌పూర్ జంక్షన్, దాని వర్క్‌షాపు రూపుదిద్దుకుంటూ వచ్చాయి. 1893-96 మధ్య నిర్మితమైన తూర్పు తీర రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 20వ శతాబ్ది ఆరంభంలో అదే కంపెనీ చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు బ్రతుకుతెరువు కోసం ఉత్తరాదికి ప్రయాణం కట్టారు. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, ఫైర్‌మెన్‌గా, గుమాస్తాలుగా చేరి అక్కడే కాపురాలు పెట్టుకున్నారు. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. యాజమాన్యాలు మారినా ఊళ్ళో తెలుగు మాట నిలిచింది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకనాడు విరివిగా కనిపించిన చుట్టిల్లు ఈ వలసదారులకు పరిచితమైన గృహం. గుండ్రని మట్టిగోడ, నేలకు దగ్గరగా వంగిన తాటాకు చూరు దాని లక్షణాలు. తుఫాను గాలికి ఎదురు నిలిచే ఆ ఇంటికి కిటికీలు లేనట్టే లెక్క. అయితే ఇంటిముందు అరుగు ఉండేది. పగటి జీవితంలో అధికభాగం అక్కడే గడిచేది. వెలుగునూ గాలినీ ఇంటిలోకి రప్పించడం కన్నా, మనిషే వాటి దగ్గరకు వచ్చి కూర్చోవడం ఆ నిర్మాణంలోని తర్కం.

రైల్వే కాలనీలలోని ఎర్ర ఇటుకల వరుస ఇళ్ళకు ఉన్న వసారా ఈ అరుగుకు స్థానాపన్నమైంది. వసారా పూర్తిగా ఇల్లు కాదు, పూర్తిగా వీధీ కాదు. అక్కడ కూర్చున్నవారు దారినపోయేవారిని చూస్తారు. దారినపోయేవారూ వారిని చూస్తారు, పలకరిస్తారు, పిలిస్తే ఆగుతారు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా మాటలు ఒక వసారానుంచి మరొక వసారాకు వినబడుతూ ఉండేవి. పిల్లలకు మాతృభాషా పొరుగుభాషా రెండూ అబ్బడానికి ఇంతకన్నా సులువైన పాఠశాల ఉండదు.

అయినా గతాన్ని ఆదర్శంగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. కంపెనీ కాలంలో రైల్వే కాలనీ హోదా ప్రకారం విభజింపబడిన నివాసప్రాంతం. పెద్ద అధికారుల బంగళాలకు విశాలమైన ఆవరణ, చెట్ల చాటు, వీధికి దూరం ఉండేవి. చిన్న ఉద్యోగుల వరుస ఇళ్ళకు ఆ చాటు లేదు. అందరి కంటా పడుతూ బ్రతకడం పేదవారికి తప్పనిసరి పరిస్థితి, ఎవరి కంటా పడకుండా ఉండగలగడం పైవారి ప్రత్యేక సౌకర్యం. వసారాలో ఆత్మీయత ఎంత ఉందో, ఇరుగుపొరుగుల ఆరా కూడా అంత ఉంది. కోడలు ఎప్పుడు బయటికి వెళ్ళింది, ఎవరింటికి ఎవరు వచ్చారు అన్న లెక్క కూడా అక్కడే జరిగేది. ఆ ఆరా భారం స్త్రీలపైనే ఎక్కువగా పడిందని వేరుగా చెప్పనక్కరలేదు.

అద్దం ఇచ్చిన వరం

ఉద్యోగ విరమణ చేసిన రైల్వే కార్మికుడు క్వార్టరు ఖాళీ చేయవలసిందే. మలంచ, ఖరీదా, ఇందా వంటి పేటలలో సొంత ఇల్లు కట్టుకోవడమో, ఫ్లాటు కొనుక్కోవడమో అతని జీవితంలోని పెద్ద నిర్ణయం. క్రొత్త ఇంటికి అద్దాల బాల్కనీ ఉండాలని అతని సంతానం కోరితే, ఆ కోరికను ఆడంబరమని త్రోసిపుచ్చడం తగదు. చాటునుంచి లోకాన్ని చూడగలిగే హక్కు ఒకప్పుడు బంగళాలకే ఉండేది. మూడు తరాలపాటు అందరి చూపుల మధ్య బ్రతికిన కుటుంబం ఆ హక్కును కోరడం గౌరవాన్ని కోరడమే.

అద్దానికి ఆచరణాత్మకమైన ప్రయోజనాలు కూడా లేకపోలేదు. వైశాఖంలో సాయంత్రంపూట విరుచుకుపడే కాలబైశాఖి దుమ్మును, వర్షపు జల్లును అది ఆపుతుంది. దోమలను ఆపుతుంది. పసిపిల్లలున్న ఇంటికి భద్రతనిస్తుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేని వృద్ధురాలికి మూడవ అంతస్తులోని అద్దపు బాల్కనీ ఒక్కటే వీధిని చూపించే సాధనం కావచ్చు. అటువంటివారికి అద్దం నిజంగా ఒక వరమే.

చాటునుంచి చూసే కోరికా క్రొత్తది కాదు. బెంగాలు ఇళ్ళకు చెక్కపలకలతో చేసిన ఖడ్‌ఖడీ తలుపులుండేవి. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన ‘చారులత’ చిత్రంలో కథానాయిక చేతిలో దుర్భిణి పట్టుకుని, ఒక కిటికీనుంచి మరొక కిటికీకి కదులుతూ, ఆ పలకల సందుల్లోనుంచి వీధిని చూస్తుంది. ఇల్లు దాటి వెళ్ళే స్వేచ్ఛ లేని స్త్రీకి ఆ సందులే ప్రపంచం. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ పలకల మధ్యనుంచి చూపు మాత్రమే కాదు, వీధిలోని చప్పుళ్ళు, గాలి కూడా లోపలికి వచ్చేవి. గోడలకు చెవులుంటాయంటారు. బిగించిన అద్దానికి కళ్ళే తప్ప చెవులుండవు.

పగటి చూపు, రాత్రి చూపు

అద్దం ఇరువైపులవారికీ సమానంగా పనిచేస్తుందని పైకి అనిపిస్తుంది. వాస్తవం వేరు. పగటివేళ బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ. అప్పుడు లోపలివాడికి వీధి స్పష్టంగా కనిపిస్తుంది, వీధిలోనివాడికి అద్దంలో ఆకాశమే కనిపిస్తుంది. రాత్రి దీపాలు వెలిగించగానే పరిస్థితి తారుమారవుతుంది. లోపలి మనుషులు, వారి భోజనం, వారి తగవులు బయటివారికి కనిపిస్తాయి. లోపలివారికి మాత్రం అద్దంలో తమ ప్రతిబింబమే కనిపిస్తుంది. పగలు చూసేవాడిగా ఉన్న గృహస్థు రాత్రి చూడబడేవాడవుతాడు. ఏ వేళలోనూ ఇరుపక్షాల చూపులు సమంగా కలవవు. వసారాకూ అద్దానికీ ఉన్న మౌలికమైన భేదం ఇదే.

చూపులోని ఈ అసమానత అధికారానికి సంబంధించిన విషయమని ఖరగ్‌పూర్ చరిత్రే చెబుతున్నది. పట్టణం అంచున ఉన్న హిజ్లీలో 1930లో బ్రిటిషు ప్రభుత్వం నిర్బంధ శిబిరాన్ని ఏర్పాటు చేసింది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన నిర్బంధితులపై జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. ఆ భవనంలోనే 1951లో దేశంలోని తొలి ఐఐటీ ప్రారంభమైంది. కాపలావాడు ఖైదీని ఎల్లవేళలా చూడగలగాలి, ఖైదీ కాపలావాడిని చూడలేకపోవాలి అన్నది 18వ శతాబ్ది చివర జెరిమీ బెంథామ్ రూపొందించిన కారాగార ప్రణాళికలోని సూత్రం. తిరిగి చూడలేని స్థితిలో ఉన్నవాడిని చూడటం అతనిపై ఒక విధమైన పెత్తనం. ఇంటి అద్దాన్ని కారాగారంతో పోల్చడం అతిశయోక్తి అవుతుంది. కానీ, ఎదుటివాడు తిరిగి చూడగలుగుతున్నాడా, తనను చూస్తున్నారని ఎరుగునా అన్న పరీక్ష మాత్రం రెండు చోట్లా వర్తిస్తుంది.

మహాభారత సభాపర్వంలోని మయసభ వృత్తాంతం ఈ విషయాన్నే మరొక కోణంలో చూపుతుంది. స్ఫటికపు నేలను నీరనుకొని, నీటిని నేలనుకొని, మూసివున్న స్ఫటికద్వారాన్ని తెరచివుందనుకొని దుర్యోధనుడు భంగపడ్డాడు. ఆ ఇంటి మర్మం ఎరిగినవారికి అది వినోదమైంది, ఎరుగని అతిథికి అవమానమైంది. పారదర్శకత అందరికీ ఒకే సత్యాన్ని చూపదు. నేటి అద్దాల భవనాలలో ఆ దెబ్బ పక్షులకు తగులుతున్నది. అద్దంలో కనిపించే ఆకాశాన్ని నిజమనుకుని అవి ఢీకొంటాయి. అమెరికాలో ఈ విధంగా ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులు మరణిస్తున్నాయని 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది.

చట్టం చెప్పినదీ, చెప్పనిదీ

చూపుకు హద్దు ఉండాలన్న ఆలోచన మన దేశానికి పాశ్చాత్యులు నేర్పినది కాదు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం 18వ సెక్షను స్థానిక ఆచారం వల్ల సంక్రమించే హక్కులను గుర్తించింది. పొరుగింటివారి ఏకాంతానికి గణనీయమైన భంగం కలిగేలా క్రొత్త కిటికీ తెరవరాదన్న ఆచారం ఒక పట్టణంలో ఉంటే, ఆ ఆచారానికి హక్కు స్థాయి లభిస్తుందని అందులోని ఒక ఉదాహరణ వివరిస్తుంది. ఆ చట్టం మొదట వర్తించిన ప్రాంతాలలో మద్రాసు రాజధాని ఒకటి. బెంగాలుకు అది వర్తించలేదు. ఖరగ్‌పూర్‌కు వలసవచ్చిన తెలుగువారు విడిచివచ్చిన సీమలో చట్టం గుర్తించిన మర్యాద, వారు చేరిన సీమలో కేవలం మర్యాదగానే మిగిలింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. కానీ ఎదుటింటి బాల్కనీ ఏ దిక్కుకు తిరిగి ఉండాలో ప్రతి సందర్భంలోనూ న్యాయస్థానం వచ్చి చెప్పదు.

ఈ విషయంలో లండనులో జరిగిన ఒక వివాదం ఆలోచింపదగినది. టేట్ మోడర్న్ చిత్రశాల 2016లో సందర్శకుల కోసం ఎత్తైన వీక్షణ వేదికను తెరిచింది. ఎదురుగా ఉన్న నివాసాలకు నేలనుంచి పైకప్పుదాకా అద్దపు గోడలే. లక్షలాది సందర్శకులు ఆ ఇళ్ళలోకి చూడసాగారు, ఛాయాచిత్రాలు తీయసాగారు. అద్దపు ఇల్లు కోరుకున్నది మీరే, కావలిస్తే తెరలు దించుకోవచ్చని క్రింది న్యాయస్థానం 2019లో అభిప్రాయపడింది. 2020లో అప్పీలు కోర్టు సైతం నివాసులకు ఉపశమనం నిరాకరించింది. 2023 ఫిబ్రవరి 1న అక్కడి సుప్రీంకోర్టు ముగ్గురు, ఇద్దరుగా చీలి, మెజారిటీ తీర్పులో నివాసుల పక్షం వహించింది. ఇంటికి అద్దం పెట్టుకున్నంత మాత్రాన లోకమంతా తేరిపార చూసేందుకు అనుమతి ఇచ్చినట్టు కాదన్నది ఆ తీర్పు సారాంశం. న్యాయమూర్తులే ఏకాభిప్రాయానికి రాలేకపోవడం ప్రశ్నలోని క్లిష్టతను సూచిస్తుంది. అద్దం పెట్టుకున్నవాడికి కొంత బాధ్యత ఉంది, చూసేవాడికీ బాధ్యత ఉంది. ఒకరి బాధ్యత మరొకరి బాధ్యతను రద్దు చేయదు.

వేడి ఎవరి వాటా?

చూపును ప్రక్కనపెట్టినా వేడి సమస్య మిగిలే ఉంటుంది. సూర్యకిరణాలను లోపలికి రానిచ్చే అద్దం, లోపలి వస్తువులు వేడెక్కి వెలువరించే ఉష్ణకిరణాలను తేలికగా బయటికి పోనీయదు. శీతలదేశాలలో మొక్కలు పెంచే గాజుగృహాలలో వేడి నిలవడానికి ఇది కూడా కొంతవరకు కారణం. ఎండతో నిమిత్తం లేకుండా చూసినా, సాధారణమైన ఒంటిపొర అద్దం తొమ్మిదంగుళాల ఇటుక గోడ కన్నా సుమారు రెండున్నర రెట్లు వేడిని ప్రసరింపజేస్తుంది. 1851లో లండనులో జోసెఫ్ పాక్స్‌టన్ నిర్మించిన స్ఫటిక భవనం చలిదేశపు కల. కర్కటరేఖకు దక్షిణాన, సుమారు 22.3 డిగ్రీల అక్షాంశంపై ఉన్న ఖరగ్‌పూర్‌కు ఆ కల యథాతథంగా అతకదు. అక్కడ వేసవి మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కనుక అతన్ని చిన్న చూరు కూడా అడ్డగలదు. తూర్పు పడమరలనుంచి ఏటవాలుగా వచ్చే ఉదయ సాయంకాలపు ఎండను ఏ చూరూ పూర్తిగా అడ్డలేదు. పడమటి అద్దపు గోడ గల గది సాయంత్రానికి కొలిమి కావడానికి కారణమిదే.

అప్పుడు గృహస్థు ఏసీ పెట్టిస్తాడు. ఏసీ వేడిని నశింపజేయదు, ఇంటిలోనుంచి తీసి సందులోకి పంపుతుంది. ఆ సందులోనే ఏసీ కొనలేని పొరుగువాడి కిటికీ ఉంటుంది. తళతళలాడే అద్దం పరావర్తనం చేసిన ఎండ కూడా ఎదుటి గోడమీదనే పడుతుంది. ఒకరి దృశ్యసౌఖ్యానికి మరొకరు చెమటతో పన్ను కట్టవలసి రావడం న్యాయమా అన్నది ఇక్కడి ప్రశ్న. 1696 నుంచి 1851 వరకు ఇంగ్లండులో కిటికీలపై పన్ను ఉండేది. వెలుగుకు పన్నా అని ఆనాటివారు దానిని గర్హించారు. నేడు ప్రభుత్వం విధించని పన్నును పొరుగువాడు మౌనంగా చెల్లిస్తున్నాడు.

భారత ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2018 డిసెంబరులో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ ఈ సందర్భంలో ఒక విలువైన సూచన చేసింది. వెచ్చని, తేమ గల వాతావరణ ప్రాంతాలలో ఇంటి నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం మేరకు తెరవగలిగిన కిటికీలు, తలుపులు ఉండాలని అది నిర్దేశించింది. అంటే పది చదరపు మీటర్ల గదికి సుమారు 1.67 చదరపు మీటర్ల తెరుపు అవసరం. ఈ కొలత అద్దపు విస్తీర్ణానికి కాదు, తెరుచుకునే భాగానికి. సాంకేతిక భాషలో చెప్పబడినప్పటికీ, వాతాయనాన్ని మరచిపోవద్దన్నదే దాని తాత్పర్యం.

ఆచరణలో కనిపించే ఒక వైరుధ్యాన్ని కూడా ఇక్కడ పేర్కొనాలి. పగలు ఎండకు తాళలేక తెర వేస్తారు. రాత్రి పరుల చూపుకు తాళలేక తెర వేస్తారు. అద్దం అద్దంగా ఉపయోగపడే ఘడియలు ఉదయం కొన్ని, సంధ్యవేళ కొన్ని మాత్రమే. మిగిలిన కాలమంతా ఆ కుటుంబం ఖరీదైన గోడ వెనుకనే నివసిస్తుంది. ఆ గోడ ఇటుక గోడలా చల్లగా ఉండదు, వసారాలా పలుకదు.

మూడు ప్రశ్నలు

దీనినిబట్టి అద్దం నిషిద్ధమని తేల్చడం తొందరపాటవుతుంది. మెట్లు దిగలేని వృద్ధురాలినుంచి వీధిని లాగివేసే నీతి నీతి కాదు. అద్దాన్ని అమర్చుకునేవారు తమను తాము మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఈ అద్దంలోనుంచి కనిపించే మనిషి కూడా తమను చూడగలడా, పిలవగలడా? ఈ అద్దం వల్ల పుట్టే వేడి, మిరుమిట్లు ఎవరి వాకిట్లో పడుతున్నాయి? కావలసినప్పుడు దీనిని తెరవగలమా?

ఈ ప్రశ్నలకు సమాధానాలు కష్టసాధ్యమైనవి కావు. ప్రక్కకు జరిపి తెరవగల పలకలు, పడమటివైపు చెక్కపలకల మరుగు, చలికాలపు ఏటవాలు ఎండ సుఖాన్నిచ్చే దక్షిణదిశలో ఎక్కువ అద్దం, పొరుగింటి పడకగదికి ఎదురుగా గరుకు అద్దం, పక్షులకు గుర్తు తెలిసేలా దగ్గర దగ్గరగా గీతలు లేదా చుక్కలు వంటివి ఏ మేస్త్రీకైనా అర్థమయ్యే ఉపాయాలే. వీటికయ్యే ఖర్చుకన్నా, ఎదుటివాడు ఉన్నాడని తలచుకోవడమే ముఖ్యం.

ఖరగ్‌పూర్ తెలుగువారి విషయంలో దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. అక్కడి తెలుగువారి చిరకాల వాంఛను మన్నిస్తూ, తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. హర్షింపదగిన నిర్ణయమే. కానీ ప్రభుత్వ ఉత్తర్వు భాషకు హోదా ఇవ్వగలదే తప్ప సంభాషణను ఇవ్వలేదు. స్వరాష్ట్రానికి దూరంగా ఉన్న భాష వినబడినంతకాలమే బ్రతుకుతుంది. వంటింట్లో తల్లి పిలుపుతోపాటు, వీధిలో పెద్దల మాటలు కూడా పిల్లల చెవిన పడాలి. మూడు తరాలపాటు ఆ పని చేసినది వసారా. మూసిన అద్దం వీధిని బొమ్మగా చూపుతుంది, దాని మాటను మాత్రం బయటే నిలిపివేస్తుంది. పొరుగు బెంగాలీ కుటుంబంతో ఏర్పడవలసిన చనువుకు కూడా అదే గతి.

పూర్వపు వరుస ఇళ్ళ జీవితం తిరిగి రాదు, రావాలని కోరడమూ సబబు కాదు. ఏకాంతం రుచి ఎరిగిన మనిషి దానిని వదులుకోనక్కరలేదు. చాటున ఉండి లోకాన్ని చూసే సౌకర్యం దక్కినవాడు, లోకం తనను పలకరించే దారిని కూడా తెరిచి ఉంచితే చాలు. అద్దపు పలకను చేరెడు మేర ప్రక్కకు జరిపితే గాలి వస్తుంది, దానితోపాటు క్రింద వీధిలోనుంచి ఎవరో పిలిచే పిలుపూ వినబడుతుంది. గవాక్షం, వాతాయనం అన్న రెండు మాటలూ ఒకే కిటికీకి పేర్లుగా ఉండటంలోని ఔచిత్యం అప్పుడు బోధపడుతుంది.